పాటా, పద్దూ: ప్రదర్శన కళల మేనేజ్‌మెంట్ డిగ్రీ ఎలా ఉందంటే

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి ఈ మధ్య నాకు ఫోన్లు వస్తున్నాయి. పిల్లకి ప్లస్ టూ అయిపోయింది, పాటో వీణో వచ్చు, మార్కులూ బాగానే వచ్చాయి. సంగీతంలో చేర్చాలా, బీబీఏలో చేర్చాలా అన్నది వాళ్ళ సందేహం. నేను చదివింది ఆ రెండూ కలిసిన కోర్సు కాబట్టి నన్ను అడుగుతున్నారు. ఫోన్‌లో అయిదు నిమిషాల్లో తేలే విషయం కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

కోర్సు పేరు పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ మేనేజ్‌మెంట్. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. పేరు రాయడం లేదు. ఈ చదువు ఎలా ఉంటే బాగుంటుందో తెలిస్తే మీరు ఏ ఊళ్ళో ఏ యూనివర్సిటీకి వెళ్ళినా బేరీజు వేసుకోగలరు. మూడేళ్ళకు 120 క్రెడిట్లు, నాలుగో ఏడు కూడా చదివితే 160. ఇది ఇప్పుడు దేశంలో చాలాచోట్ల ఉన్న లెక్కే. మా దగ్గర ఆ క్రెడిట్లలో ఒక భాగం సంగీతం, ఒక భాగం బిజినెస్, మిగిలింది ప్రదర్శన నిర్వహణ. ఫీజు ఏడాదికి రెండు లక్షల పైమాట, హాస్టల్ వేరే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో వాద్యమో గొంతులో పాటో ఇప్పటికే ఉన్న పిల్లలకు ఇది మంచి చదువు. సంగీతం అక్కడికి వెళ్ళాక నేర్చుకుందాం అనుకునేవాళ్ళు మాత్రం చేరవద్దు. ఎందుకో కిందన చెబుతాను.

మాది దేవాంగుల ఇల్లు. నాన్నది పట్టు మగ్గం. బరంపురం పట్టు పేరు మీరు వినే ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వయొలిన్ నేర్పిన గురువు గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. మా గురువు గారికి ఆ పరంపర అంటే ప్రాణం. నేను మేనేజ్‌మెంట్ కోర్సు అనగానే ఆయన అడిగింది ఒకటే: "సాధన ఎప్పుడు చేస్తావమ్మా?" ఆ ప్రశ్న ఎంత సరైనదో రెండో సెమిస్టర్‌కే తెలిసొచ్చింది.

సంగీతం వైపు కోర్సు బలహీనంగా ఉంది. ఉన్న అధ్యాపకుల్లో ఎక్కువమంది పాశ్చాత్య సంగీతం వాళ్ళు. స్టాఫ్ నోటేషన్, హార్మనీ, కీబోర్డు బాగా చెప్పారు. అది నాకు కొత్త, ఇష్టంగానే నేర్చుకున్నాను. కానీ కర్ణాటక సంగీతం వాళ్ళకి వారానికి రెండు క్లాసులే. మృదంగం వాయించేవాళ్ళు క్యాంపస్‌లో ఎవరూ లేరు. పల్లవి చెప్పడానికి తాళం యాప్ పెట్టుకున్నాం. మనిషి పక్కన కూర్చుని కోర్వై (మూడుసార్లు వాయించి ముగించే లయ అల్లిక) ఎక్కడ ముగుస్తుందో కళ్ళతో చెబుతుంటే వాయించడం వేరు, ఫోన్ టిక్కుటిక్కుమంటుంటే వాయించడం వేరు. పైగా ప్రాక్టీసు గదులకి సాయంత్రం ఆరింటికి తాళం వేసేవారు. పగలంతా అకౌంట్సు, మార్కెటింగ్, లా. సాధనకి మిగిలేది సాయంత్రమే, ఆ సాయంత్రమే గది లేదు. హాస్టల్ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని మ్యూట్ పెట్టుకుని వాయించాను. ఫిర్యాదులు రాసి రాసి మూడో ఏట తొమ్మిది దాకా తెరిపించగలిగాం. కొత్తగా చేరేవాళ్ళు ఈ ఒక్క విషయం ముందే కనుక్కోండి. సంగీతం కోర్సులో ప్రాక్టీసు గది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా లాభం లేదు.

బిజినెస్ క్లాసులు మమ్మల్ని సాధారణ బీబీఏ బ్యాచ్‌తో కలిపేసి చెప్పారు. మొదటి ఏడంతా సబ్బులు, బిస్కెట్ల ఉదాహరణలే. చాలామందికి విసుగు పుట్టింది. రెండో ఏట ఒక మేడమ్ వచ్చి అకౌంట్సుని కచేరీ మీదకు తెచ్చారు. అప్పటి నుంచి నాకు ఈ చదువు మీద గౌరవం ఏర్పడింది. ఆవిడ బోర్డు మీద వేసిన లెక్క ఒకటి ఇక్కడ రాస్తాను, ఎందుకంటే సంగీత సభలు నడిపేవాళ్ళు, నడపాలనుకునేవాళ్ళు అందరూ ఒకసారి వేసి చూసుకోవాల్సిన లెక్క అది.

450 సీట్ల హాలు. టికెట్ 200. హాలు అద్దె, సౌండు, కళాకారుల సంభావన, రైలు టికెట్లు, గది, పోస్టర్లు అన్నీ కలిపి 96,000. ఇవి ఒక్కరు వచ్చినా నాలుగొందల మంది వచ్చినా తప్పని ఖర్చు. ఇక వచ్చిన ప్రతి ఒక్కరికీ కాఫీ, కార్యక్రమ పత్రం కలిపి 40. అంటే ఒక్కో టికెట్ మీద మనకి మిగిలేది 160. 96,000ని 160తో భాగిస్తే 600. ఆరువందల టికెట్లు అమ్మితే గాని అసలు రాదు. హాల్లో సీట్లు 450. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినా ఇంకా 24,000 తక్కువ. హాలు అరవై శాతం నిండితే తక్కువ 52,800. మేడమ్ అక్కడితో ఆగి, "ఇప్పుడు చెప్పండి, ఎవరి తప్పు?" అని అడిగారు. పబ్లిసిటీ చాలలేదని ఒకరు, ఆర్టిస్టుకి ఎక్కువిచ్చారని ఒకరు అన్నారు. ఆవిడ అప్పుడు బామోల్, బోవెన్ గురించి చెప్పారు.

విలియం బామోల్, విలియం బోవెన్ అమెరికా ఆర్థికవేత్తలు. 1966లో వాళ్ళు తేల్చిన విషయం ఇది. పరిశ్రమల్లో యంత్రం వచ్చే కొద్దీ ఒక మనిషి గంటకి తీసే సరుకు పెరుగుతుంది, దాంతో జీతాలూ పెరుగుతాయి. సంగీతంలో అలా పెరగదు. నలుగురు కలిసి వాయించే పాశ్చాత్య రచన వందేళ్ళ కింద ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతసేపే, అదే నలుగురు. కానీ ఆ నలుగురూ ఈ కాలం ధరలకే బియ్యం కొనుక్కోవాలి, ఇల్లు అద్దెకు తీసుకోవాలి. అందువల్ల వాళ్ళ ఖర్చు ఏటేటా పెరుగుతుంది, ఉత్పత్తి పెరగదు. నాకు ఇది వెంటనే అందింది. మా వీధిలో పవర్‌లూమ్ పెట్టినవాళ్ళు మగ్గం వాళ్ళ కంటే ఎన్నో రెట్లు గుడ్డ దించడం చిన్నప్పటి నుంచీ చూశాను. త్యాగయ్య గారి ఘనరాగ పంచరత్నాలని మాత్రం ఏ యంత్రమూ సగం సేపట్లో పాడలేదు.

అంటే టికెట్ డబ్బు ఒక్కదాంతో శాస్త్రీయ కచేరీ గట్టెక్కదు. పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. ఒకప్పుడు రాజులు నిలబడ్డారు. విజయనగరం కాలేజీ పెట్టింది రాజావారే. తరవాత దాతలు. బెంగళూరు నాగరత్నమ్మ గారు తన సొంత సంపాదన పోసి తిరువయ్యారులో త్యాగయ్య గారి సమాధి దగ్గర గుడి కట్టించారు. ఆడవాళ్ళని ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో పోరాడి పాడించారు. నా దృష్టిలో మన కళల నిర్వహణ చరిత్ర ఆవిడ పేరుతో మొదలుపెట్టి చెప్పాలి. మా సిలబస్‌లో లండన్, న్యూయార్క్ థియేటర్ల గురించి యూనిట్లకు యూనిట్లు ఉన్నాయి, ఆవిడ పేరు లేదు. సురభి వాళ్ళ పేరూ లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బతికిన సంస్థ అది. తెరలు వాళ్ళవే, సెట్లు వాళ్ళవే, నటులు ఇంటివాళ్ళే. టూరింగ్ కంపెనీ ఎలా నడపాలో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఈ లోటు గురించి నేను ఫీడ్‌బ్యాక్ ఫారంలో ప్రతి ఏడూ రాశాను.

లా పేపరు గురించి తప్పకుండా చెప్పాలి. ఈ కోర్సులో రూపాయికి రూపాయి గిట్టింది అక్కడే. కాపీరైటు చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. త్యాగయ్య గారు 1847లో పరమపదించారు కాబట్టి ఆయన కీర్తన ఎవరైనా, ఎక్కడైనా పాడుకోవచ్చు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 2016లో పోయారు. ఆయన సొంత తిల్లానాల మీద హక్కు 2076 ఆఖరు దాకా ఉంటుంది. టికెట్ పెట్టి అవి పాడిస్తే అనుమతి సంగతి చూసుకోవాలి. అయితే కీర్తన మీద హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. త్యాగయ్య కీర్తన అందరిదీ. ఒక కంపెనీ దాన్ని పాడించి రికార్డు చేస్తే ఆ రికార్డింగు మాత్రం కంపెనీది.

ఈ తేడా నాకు ఇంటి దగ్గర అక్కరకొచ్చింది. మా ఊళ్ళో ఆరాధనకి గోష్ఠిగా పాడిన వీడియో యూట్యూబ్‌లో పెడితే, ఒక మ్యూజిక్ కంపెనీ పేరు మీద క్లెయిమ్ వచ్చింది. మా పాట వాళ్ళ రికార్డింగుతో సరిపోలిందని సిస్టమ్ దానంతట అదే పట్టేసింది. చిన్నాన్న కంగారుపడి వీడియో తీసేద్దామన్నారు. తీయవద్దన్నాను. కీర్తన హక్కుల కాలం దాటిపోయిందనీ, పాడింది, రికార్డు చేసింది మేమేననీ నాలుగు వాక్యాలు రాసి అభ్యంతరం పెట్టాను. క్లెయిమ్ వదిలేశారు. వీడియో ఇప్పటికీ ఉంది. ఇలా భయపడి తీసేసినవి మన ఊళ్ళల్లో ఎన్ని ఉంటాయో!

పన్నుల సంగతీ అంతే. టికెట్ ధర 500 దాటకపోతే సంగీత కచేరీకి, నాటకానికి, నృత్యానికి ప్రవేశం మీద జీఎస్టీ ఉండదు. శాస్త్రీయ, జానపద కళాకారులు ఒక ప్రదర్శనకి పుచ్చుకునేది లక్షన్నర దాటకపోతే దాని మీదా ఉండదు. ఇది తెలియక మా వైపు కమిటీలు "జీఎస్టీ బిల్లు తెండి" అని డప్పు వాయించేవాళ్ళని, హరికథ చెప్పేవాళ్ళని తిప్పడం నేను చూశాను. ఆ మాట అనే అధికారం ఎవరికీ లేదు. పిల్లలకే కాదు, కమిటీల్లో ఉన్న పెద్దవాళ్ళకి కూడా ఈ ఒక్క పేపరు చెప్పించాలని నా కోరిక. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే) నిధులు సంప్రదాయ కళలకి ఇవ్వడానికి 2013 కంపెనీల చట్టంలోనే చోటుందనీ, అడగడానికి ముందు మన సంఘం రిజిస్టర్ అయి, ఆడిట్ లెక్కలు సిద్ధంగా ఉండాలనీ ఇక్కడే తెలిసింది.

ఇక స్టేజి నిర్వహణ. ఇది చెప్పిన మాస్టారు ఏళ్ళ తరబడి నాటకాలకి స్టేజి మేనేజరుగా చేసినవారు. పుస్తకం పట్టుకుని ఒక్క క్లాసూ చెప్పలేదు. క్యూ షీట్ (ఏ మాట దగ్గర ఏ లైటు, ఏ శబ్దం మారాలో చెప్పే పట్టిక) రాయించి, హెడ్‌సెట్ పెట్టించి, లైటు మారే చోట "స్టాండ్‌బై" అని ముందుగా అని, సరైన మాట దగ్గర "గో" అనడం నేర్పించారు. "గో" అనే మాట ఇంకెందుకూ వాడకూడదని ఆయన నియమం. మాటల్లో పొరపాటున దొర్లితే లైట్ల అబ్బాయి బటన్ నొక్కేస్తాడు.

కచేరీకి హాలు సిద్ధం చేయడం ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇప్పటికీ అక్షరాలా పాటిస్తాను. ఏసీ కచేరీకి గంటన్నర ముందే వేసేయాలి, జనం వచ్చాక వేయకూడదు. ఉక్కలో శ్రుతి చేసుకున్న మృదంగం, వయొలిన్ తీగలు చల్లగాలి తగలగానే మారిపోతాయి. మొదటి వర్ణం అవకుండానే మళ్ళీ శ్రుతి చేసుకోవాల్సి వస్తుంది. మృదంగం ఎడమ వైపు పెట్టే రవ్వ ముద్ద కూడా చల్లగాలికి తొందరగా ఎండుతుంది, విద్వాంసుడికి దగ్గరలో గిన్నెలో నీళ్ళు ఉండాలి. ఆ గిన్నె మైకు తీగకి దూరంగా, కుడి చేతికి అందేటట్టు పెట్టాలి. వయొలిన్‌కి క్లిప్ మైకు పెడితే దానికి సాధారణంగా 48 ఓల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే అందే కరెంటు) కావాలి, అది కన్సోల్‌లో, అంటే సౌండు సరిచేసే బల్ల మీద, ఆన్ చేశారో లేదో సౌండు అబ్బాయిని అడగాలి. గాయకుడికి తన పాట తనకి వినిపించే మానిటర్ స్పీకరు ఎదురుగా, కొంచెం పక్కకి తిప్పి. తంబురా శబ్దం ముగ్గురికీ వినపడాలి. సౌండ్ చెక్‌లో ఒక్కొక్కరినీ విడిగా వాయించమని, తరవాత ముగ్గురినీ కలిపి తారస్థాయిలో ఒక్క నిమిషం వాయించమని అడగాలి. మంద్రంలో వాయించి చూసుకుంటే కచేరీ మధ్యలో మైకు కూస్తుంది. నేను వయొలిన్ మనిషిని కాబట్టి ఇవన్నీ అవతలి వైపు నుంచి తెలుసు. ఈ కోర్సు బాగా పనిచేసేది ఇలాంటి చోటే. వాయించేవాళ్ళకి ఏం కావాలో తెలిసిన మనిషే కన్సోల్ పక్కన నిలబడితే కచేరీ రూపం మారిపోతుంది.

ఇంటర్న్‌షిప్ బాగాలేదు. ఒక పెద్ద నగరంలో ఉత్సవం చేసే సంస్థకి పంపారు. స్టైపెండ్ ఇస్తామని రాతపూర్వకంగా చెప్పి ఇవ్వలేదు. నేర్చుకోవడం అటుంచి, రోజంతా నీళ్ళ బాటిళ్ళు మోయించారు, పాసులు చించించారు. యూనివర్సిటీ వాళ్ళని అడిగితే అనుభవం వస్తుంది కదా అన్నారు. పిల్లలు రెండు లక్షలు కట్టి చదువుతున్న చోట ఆ జవాబు సరిపోదు. ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో ఎవరి కింద పనిచేస్తామో కాగితం మీద రాసిచ్చే చోటే చేరండి.

ఆఖరి ఏడు ప్రొడక్షన్ కోసం నేను మా గంజాం వైపు పల్లె నుంచి ప్రహ్లాద నాటకం బృందాన్ని తీసుకెళ్ళాను. కోర్సు అంతటిలో నాకు మిగిలిన గొప్ప అనుభవం అది. మీలో చూసినవాళ్ళుంటారు. ఒడియా నాటకమే అయినా, రాగాల నడక వింటే మన చెవికి చుట్టరికం తెలిసిపోతుంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఆడతాడు. పల్లెలో రాత్రంతా నడిచే ఆట.

యూనివర్సిటీ ఇచ్చిన ఒప్పంద పత్రం పన్నెండు పేజీలు, ఇంగ్లీషులో. బృందం పెద్దాయనకి తెలిసిన ఒప్పందం తాంబూలం, బయానా. ఆకూ వక్కా, కొబ్బరికాయ, కొంత డబ్బు చేతిలో పెడితే ఆయన మాట ఇచ్చినట్టు, ఇక వాన వచ్చినా వస్తారు. పత్రం పక్కన పెట్టి ముందు తాంబూలం ఇచ్చాను. తరవాత ఆయన మనవడి ఎదురుగా ఒక్కో షరతూ ఒడియాలో చెప్పి, ఒక్క పేజీకి కుదించి రాయించి సంతకాలు చేయించాను. వీడియో తీయవచ్చా, తీస్తే ఎవరికి ఇవ్వవచ్చు అన్న షరతు దగ్గర ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఆడటం మీది, చూపించడం మాది, అమ్మడం ఎవరిదీ కాదు" అని రాయమన్నారు. అలాగే రాశాను. మా లా మేడమ్ ఆ వాక్యం చూసి అదే ఉంచేయమన్నారు.

టెక్నికల్ రైడర్ అని ఇంకో ఫారం ఉంటుంది. మైకులు ఎన్ని, లైట్లు ఎన్ని, గదులు ఎన్ని అని నింపాలి. నాటకంలో పెట్టుకునే నరసింహుడి ముఖానికి (మాస్క్) అందులో ఏ గడీ లేదు. ఆ ముఖం వాళ్ళకి పూజ చేసుకునే దైవం. పెట్టెలో పెట్టి గ్రీన్‌రూమ్ మూలన పడేయడానికి వీల్లేదు. ఫారం అడుగున నేనే ఒక గడి గీసి రాశాను: ముఖం పెట్టడానికి విడిగా శుభ్రమైన గది, పీట, దీపం, చెప్పులు బయట. హాలు మేనేజరు దీపానికి ఒప్పుకోలేదు, మంట వెలిగించకూడదన్నది అగ్నిమాపక నిబంధన. రెండు రోజులు మాట్లాడి, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టి, ఒక మనిషి అక్కడే కూర్చునేటట్టు ఒప్పించాను. రాత్రంతా ఆడే నాటకం రెండు గంటల్లో ముగించాలి. ఏది తీసేయాలో నేను చెప్పలేదు, పాట నడిపించే గాహకుడినే అడిగాను. ఆయన యుద్ధాలు తగ్గించి ప్రహ్లాదుడి పాటలు ఉంచారు. మా బ్యాచ్‌లో ఒకరు యుద్ధాలుంటేనే జనం చూస్తారని వాదించారు. ఆ రాత్రి హాల్లో ఎవరూ లేచి వెళ్ళలేదు.

ఈ కోర్సుకి నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. వాళ్ళ దృష్టిలో ప్రదర్శన అంటే హాలు, టికెట్, సీటు నంబరు. మా బరంపురం ఠాకూరాణి జాతర రెండేళ్ళకోసారి వారాల తరబడి జరుగుతుంది. మొక్కున్నవాళ్ళు పులి వేషం, రకరకాల వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. నేతవాళ్ళ కులపెద్ద అయిన దేశి బెహెరా ఇంటి పెద్దరికం మీద అంతా నడుస్తుంది. టికెట్ లేదు, బ్రోచరు లేదు, అయినా ఏ వీధిలోకి ఎప్పుడు ఏం రావాలో అందరికీ తెలుసు. ప్రేక్షకులని ఎలా రప్పించాలని మాకు ఒక సెమిస్టరంతా చెప్పారు. ఊరు ఊరంతా ఎందుకు వస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. నేను ప్రాజెక్టు రిపోర్టుగా రాసిచ్చాను, మంచి మార్కులే వేశారు, కానీ సిలబస్‌లోకి రాలేదు.

సరిహద్దులో ఉన్నవాళ్ళ చిక్కు ఇంకొకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేము మద్రాసు నుంచి ఇటొచ్చాం. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రాల్లో ఒడిశా కలకత్తా కేంద్రం కిందకి వస్తుంది, ఆంధ్ర తంజావూరు కేంద్రం కిందకి. ఇక్కణ్ణుంచి కాసేపట్లో చేరుకునే ఇచ్ఛాపురం బృందం తంజావూరుకి దరఖాస్తు పెట్టుకుంటుంది, అదే పాట పాడే మా బృందం కలకత్తాకి పెట్టుకోవాలి. అక్కడ తెలుగు హరికథ అంటే ఏమిటో మొదటి నుంచి వివరించాలి. ఇప్పుడు ఆ దరఖాస్తులు నేనే రాసిపెడుతున్నాను. ఒడియా పేరుతో, ఒడియా ప్రేక్షకులకి ఇందులో ఏముందో ముందు చెప్పి, తరవాత మన సంగతి చెబుతాను. దరఖాస్తు రాయడం కోర్సులో నేర్పారు, అందుకు రుణపడి ఉన్నాను.

ప్రస్తుతం విశాఖలో ఒక ఈవెంట్ సంస్థలో ఆర్టిస్టుల సమన్వయం చూస్తున్నాను. మా బ్యాచ్‌లో ఎక్కువమంది పెళ్ళిళ్ళ ఈవెంట్లలోకి వెళ్ళారు, కొందరు టికెట్ల కంపెనీల్లోకి. మొదటి జీతాలు పెద్దవేం కాదు, మామూలు బీబీఏ చదివినవాళ్ళకి వచ్చేంతే. ఆ టెన్షన్ తల్లిదండ్రులకి ఉంటుంది, దాచడం అనవసరం. సెలవులకి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బరంపురం వచ్చి మా ఆరాధన కమిటీ లెక్కలు చూస్తాను. చిన్నాన్న నోట్‌బుక్‌లో చందాల పక్కన బియ్యం, పప్పు, అరటి గెలలు ఇచ్చినవాళ్ళ పేర్లు ఉంటాయి. వాటికీ ధర కట్టి బడ్జెట్‌లో చూపిద్దామన్నాను, స్పాన్సర్లకి మన బలం తెలుస్తుందని.

"అలా రాయకమ్మా. బియ్యం ఇచ్చినాయన స్వామికిచ్చాడు. రూపాయల్లో రాస్తే వచ్చే ఏడు ఇవ్వడు" అన్నారు చిన్నాన్న.

అందుకని ఇప్పుడు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఆడిట్‌కి, అందులో అన్నిటికీ విలువ ఉంటుంది. రెండోది కమిటీ గదిలో బల్ల మీద, అందులో బస్తాలు బస్తాలుగానే, గెలలు గెలలుగానే ఉంటాయి. రెండూ నిజమైన లెక్కలే, రెండూ ఒకదానితో ఒకటి సరిపోతాయి.

అయిదుకి ఎన్నిస్తావని అడిగితే లా, అకౌంట్సు, స్టేజి నిర్వహణకి నాలుగున్నర. సంగీతానికి రెండు. ఇంటర్న్‌షిప్‌కి ఒకటి కూడా ఇవ్వను. ఫీజు కాస్త తగ్గి, మృదంగం మాస్టారుని ఒకరిని పెట్టుకుంటే మా వైపు పిల్లలందరికీ నేనే చెప్పి చేర్పిస్తాను.

చేరే ముందు బ్రోచరు చదివి నిర్ణయం తీసుకోకండి. ఆఖరి ఏడు విద్యార్థుల ప్రొడక్షన్ ఏ రోజో ఫోన్ చేసి కనుక్కుని ఆ రోజు వెళ్ళండి. ముందు వరసలో కూర్చోకుండా హాలు వెనక్కి, కన్సోల్ దగ్గరకి వెళ్ళి చూడండి. అక్కడ హెడ్‌సెట్ పెట్టుకుని ఉన్నది విద్యార్థులైతే ఫీజు కట్టవచ్చు. బయట నుంచి అద్దెకి తెచ్చిన సౌండు కంపెనీ వాళ్ళే అన్నీ చూసుకుంటూ, పిల్లలు పట్టుచీరలు కట్టుకుని గుమ్మం దగ్గర గులాబీలు ఇస్తుంటే మాత్రం ఇంకో యూనివర్సిటీ వెతకండి. వీలైతే ఒక విద్యార్థిని పక్కకి పిలిచి, ప్రాక్టీసు గది రాత్రి ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో అడగండి.